సంతకం దగ్గరే ఆగిపోయిన చదువు

"వేలు పడలేదమ్మా, తుడుచుకుని మళ్ళీ పెట్టు" అన్నాడంట, వేలిముద్ర మిషన్ మీద ఖాతాలోంచి డబ్బులు తీసిచ్చే కుర్రాడు. తుడుచుకుని పెట్టింది. ఇంకా పడలేదన్నాడంట, మూడోసారీ పెట్టింది. వెయ్యి రూపాయలు చేతిలో పెట్టాడు, కొంగున ముడేసుకుని ఇంటికొచ్చేసింది. ఖాతాలోంచి మాత్రం మూడు వేలు పోయాయి. ఆ సంగతి ఆవిడకి తెలిసింది నాలుగు నెలల తర్వాత, మా సాయంత్రం క్లాసులో, అందరి ఫోన్లూ బయటికి తీయించి మెసేజీలు ఎక్కడుంటాయో చూపిస్తున్న రోజున.

ఆవిణ్ణి మేం పీచు వదిన అంటాం, అసలు పేరు ఇక్కడ రాయను. పాతికేళ్ళుగా కొబ్బరి డొక్కల పనిలో ఉంది. నానిన డొక్క కొట్టీ కొట్టీ, పీచు లాగీ లాగీ, తాడు పేనీ పేనీ బొటనవేలి మీద గీతలు అరిగిపోయాయి, చెయ్యి పట్టుకుని చూస్తే ఆ వేలు గులకరాయిలా నున్నగా తగుల్తది. రేషన్ దగ్గర, పింఛన్ దగ్గర నిజంగానే మిషన్ ఆవిడ వేలు తీసుకోదు, నాలుగైదు సార్లు పెట్టిస్తారు. అందుకే ఆ కుర్రాడు పడలేదనగానే నమ్మేసింది. ఇన్నేళ్ళ కష్టం వేలు అరగదీస్తే, ఆ అరిగిన వేలే ఆవిణ్ణి మోసం చెయ్యడానికి సందిచ్చింది కదా అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదండి.

మూడు మెసేజీలూ ఆవిడ బటన్ల ఫోన్లోనే ఉన్నాయి, ఒకటే రోజు, రెండేసి నిమిషాల తేడాతో. ఇంగ్లీషులో. ఫోన్ ఆవిడదే, నంబరూ ఆవిడదే, మెసేజ్ వచ్చినప్పుడు టింగుమన్న చప్పుడు కూడా ఆవిడ విన్నదే. పైగా ఆవిడకి సంతకం వచ్చు, చాలా కుదురుగా పెడతది, గుడికట్లు కూడా తప్పు పోవు. ఎవరైనా ఇంటికొచ్చి అడిగితే ఇంట్లోవాళ్ళు చదువొచ్చనే రాయిస్తారు.

ఈ పోస్టు రాయడానికి కారణం ఆ సంతకమే.

నేనుండేది కోనసీమలో, సఖినేటిపల్లి దగ్గర. ఏడేళ్ళ నుంచి ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పని చేస్తున్నా, మొత్తం ఐదుగురం, జీతాలు తీసుకునేది ఇద్దరే. వారంలో నాలుగు సాయంత్రాలు మా వైపు పీచు పని వాళ్ళకి క్లాసు, రెండు రోజులు పంటు (రేవు దాటించే పడవ) ఎక్కి వశిష్ఠ గోదారి దాటి నరసాపురం వైపు లేసు అల్లే వాళ్ళకి క్లాసు. కోటిపల్లి వైపు నుంచి వచ్చే ఇంకో అక్క మాకు లెక్కలు చూస్తారు. ఊరికొక రామాలయం అరుగో, చర్చి వరండానో, కొబ్బరి తోటలో షెడ్డో దొరుకుతుంది, దానికేం ఇబ్బంది లేదు, మా వైపు మనుషులు అడిగితే చోటు లేదనరు.

నేను చిన్నప్పుడు, తొంభైల్లో, మా ఊళ్ళో రాత్రి బడి నడిచేది. 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ వచ్చాక ఊరూరా వచ్చిన ఊపు అది. స్కూల్లో చదువుకునే పిల్లలం మేం కూడా వెళ్ళి పెద్దవాళ్ళకి పలక పట్టించేవాళ్ళం. మా మామ్మకి సంతకం నేర్పింది నేనే. ఆవిడ మొదటిసారి పోస్టాఫీసులో వేలిముద్ర వెయ్యకుండా సంతకం పెట్టొచ్చిన రోజు మా ఇంట్లో పరవాన్నం వండారు. ఆ రోజు గొప్ప రోజే, కాదనను. కానీ ఆ తర్వాత మేం ఎవరం మామ్మకి ఇంకో అక్షరం నేర్పలేదు. సంతకం వచ్చేసింది కదా, అయిపోయింది అనుకున్నాం. ఆ పుస్తకంలో ఎంత పడిందో, ఆ కాగితంలో ఏం రాసుందో మామ్మ చచ్చిపోయేదాకా ఇంకొకళ్ళని అడిగే తెలుసుకుంది. వేలిముద్ర వేసిన రోజుల్లో కనీసం "నాకు చదువు రాదు, చదివి వినిపించు బాబూ" అనేది, సంతకం వచ్చాక ఆ మాట అనడానికి మొహమాటపడేది. ఇది నేను కళ్ళారా చూశా.

అదే కాలంలో నెల్లూరు జిల్లా దూబగుంటలో జరిగింది వేరు. అక్కడి రాత్రి బడుల్లో వాచకాల్లో పాఠాలు సారా గురించి, మొగుడు కూలి డబ్బులన్నీ తాగేసే ఇంటి గురించి ఉండేవి, ఆడవాళ్ళు చదివారు, ఇది మా ఇంటి కథే కదా అన్నారు, లేచి సారా కొట్టు మూయించారు. 1992 కల్లా అది జిల్లాలన్నీ పాకింది, 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో మొత్తం మద్యనిషేధమే వచ్చింది. తర్వాత అది ఎలా సడలిపోయిందో అందరికీ తెలుసు, అది వేరే కథ. నేను చెప్పేదేంటంటే అక్కడ చదువు సంతకంతో ఆగలేదు, పాఠం వాళ్ళ బతుకు గురించే కాబట్టి అక్షరం తర్వాత అక్షరం వాళ్ళే అడిగి నేర్చుకున్నారు.

ఇప్పుడు ఫోన్ల విషయంలో కూడా మనం సరిగ్గా ఆ సంతకం దగ్గరే ఆగుతున్నాం అని నా బాధ. ఓటీపీ అంటే ఏంటండీ, కొత్త వేలిముద్రే కదా. ఏం రాసుందో చదవకుండా, ఎందుకో తెలీకుండా, ఎవరో అడిగితే ఇచ్చేది. వేలిముద్రకైనా మనిషి అక్కడుండాలి, ఓటీపీకి అదీ అక్కర్లేదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్క ఒకటి నేను మా డైరీ మొదటి పేజీలో రాసుకున్నా. మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్ళు 21 శాతం, మగవాళ్ళు 48.8 శాతం. ఇప్పుడు పెరిగే ఉంటది, చేతిలో ఫోన్ లేని ఇల్లే లేదు మా వైపు. కానీ ఇంట్లో ఫోన్ ఉండటం వేరు, ఆవిడ ఫోన్ ఉండటం వేరు. మా మొదటి బ్యాచ్‌లో 23 మంది ఉంటే అందులో 14 మందికి ఆధార్‌కి లింకైన నంబరు మొగుడిదో కొడుకుదో. ఒకావిడ కొడుకు హైదరాబాదులో డ్రైవరు, ఈవిడ గ్రామ సచివాలయంలో నిలబడి "ఓటీపీ వచ్చిందేమో చూడు నాయనా" అని ఫోన్ చేస్తే వాడు బండి మీద ఉండి ఎత్తడు, సాయంత్రం ఎత్తేసరికి ఆఫీసు మూసేస్తారు, ఇలా ఒక్క పనికి నాలుగు సార్లు తిరిగింది. అందుకని మేం ఇప్పుడు క్లాసు మొదలుపెట్టే ముందు చేసే మొదటి పని, ఎవరి ఆధార్‌కి వాళ్ళ సొంత నంబరు పెట్టించడం. దీనికి ఇంట్లో గొడవలు కూడా అవుతాయి, ఎందుకు మార్చడం, నమ్మకం లేదా అని. అప్పుడు నేనే వాళ్ళింటికెళ్ళి ఆ అన్నయ్యతో మాట్లాడతా, "నమ్మకం కాదు అన్నయ్యా, మీకు తిప్పట తగ్గుద్ది" అంటా. చాలావరకు ఒప్పుకుంటారు.

2017లో కేంద్రం పెద్ద స్కీమ్ పెట్టింది, డిజిటల్ సాక్షరత అని, 6 కోట్ల పల్లెటూరి ఇళ్ళకి ఇంటికొకరు చొప్పున, 20 గంటల కోర్సు. ఆలోచన మంచిదే. కానీ ఇంటికొకరు అంటే మా వైపు ఇళ్ళల్లో ముందు ఎవరి పేరిస్తారో ఎవరైనా చెప్పగలరు. దానికంటే 2015లో గూగుల్, టాటా ట్రస్ట్స్ కలిసి మొదలుపెట్టిన ఇంటర్నెట్ సాథీ పద్ధతి నాకు నచ్చింది, ఊళ్ళో అమ్మాయికే ముందు నేర్పి, ఆ అమ్మాయి సైకిలేసుకుని వెళ్ళి పక్కింటి ఆడవాళ్ళకి నేర్పడం. మేం కూడా అలాగే చేస్తున్నాం, నేర్పే పిల్లలు అదే వీధి పిల్లలు, "అత్తా", "పిన్నీ" అని పిలిచే వాళ్ళు. బయట నుంచి సారొచ్చి మైకులో చెప్తే ఎవరూ డౌటు అడగరు, మేనకోడల్ని మాత్రం అర్ధరాత్రి కూడా లేపి అడుగుతారు.

ఇంకోటి, ఇది చాలామంది పట్టించుకోరు గానీ నేను గట్టిగా చెప్తా. కళ్ళజోడు. మొదటి నెలలో ఐదుగురు మానేశారు, "నా బుర్రకి ఎక్కట్లేదమ్మా, వదిలెయ్యండి" అన్నారు. బుర్ర కాదు, చత్వారం. నలభై దాటాక దగ్గరివి ఆనవు, దాంట్లో ఈ లేసు పని వాళ్ళు పొద్దున్నించి సాయంత్రం దాకా తెల్ల దారం మీదే కళ్ళు పెట్టుకుని ఉంటారు. వాళ్ళ చేతికి చిన్న అక్షరాల ఫోన్ ఇచ్చి చదవమంటే ఏం కనపడుద్ది. నరసాపురంలో కళ్ళు పరీక్ష చేయించి అందరికీ జోళ్ళు ఇప్పించాం, ఫోన్లో అక్షరాల సైజు పెంచాం, ఆ ఐదుగురిలో నలుగురు తిరిగొచ్చారు. ఒకావిడ జోడు పెట్టుకుని మొదట చూసింది ఫోన్ కాదు, తను అల్లిన లేసు. తిప్పి తిప్పి చూసుకుని "ఇంత బాగా అల్లుతున్నానా నేను" అంది.

ఆ లేసు వాళ్ళ గురించి చెప్పాలి. నరసాపురం చుట్టుపక్కల పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని ఇది, తల్లి నుంచి కూతురికి వచ్చింది, 2024లో నరసాపురం క్రోషే లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి సరుకే అని ఇచ్చే గుర్తింపు, కూడా వచ్చింది. అక్కడ క్లాసులో ఒక మామ్మగారుంటారు, డెబ్బై ఉంటాయి. మొదటి రోజు పలక ఇస్తే "నాకేం రాదమ్మా, అంకెలు కూడా రావు" అన్నారు. అంటూనే చేతిలో సూది ఆడుతోంది, పెదాలు కదుల్తున్నాయి, ఏంటండీ లెక్కపెడుతున్నారు అని అడిగితే, నూట నలభై నాలుగు గళ్ళు, పన్నెండుకి ఒకసారి పువ్వు రావాలి, ప్రతి వరసకీ రెండు తగ్గాలి అని గడగడా చెప్పారు. ఆవిడకి అంకెలు రాకపోవడమేంటి! ఆవిడకి రానిది అంకెని కాగితం మీద ఎలా రాస్తారో అంతే. అప్పట్నుంచి మేం అ ఆ లతో మొదలెట్టడం మానేశాం. ముందు అంకెలు, అవి కూడా వాళ్ళ గళ్ళ లెక్కతోనే. ఆ మామ్మగారు పది రోజుల్లో వెయ్యి దాకా రాశారు.

అంకెలు వచ్చాక అసలు చిక్కు వచ్చింది. బ్యాంకు మెసేజీలో వెయ్యి రూపాయలుంటే 1000.00 అని వస్తది కదా. చుక్క కనపడక, కనపడినా దానికి అర్థం తెలీక, వీళ్ళు దాన్ని లక్ష అని చదివారు. ఒకావిడ అయితే భయపడి లేచి నిలబడిపోయింది. చుక్క అంటే రూపాయికీ పైసలకీ మధ్య గోడ అని చెప్పా, ఎక్కలేదు, పైసలు చూసి ఎన్నాళ్ళయింది వాళ్ళు. అప్పుడు లెక్కలు చూసే అక్క బోర్డు మీద 11.75 అని రాశారు. రాసి ఊరుకున్నారు, ఏం చెప్పలేదు. వెనకాల కూర్చున్న లంక ఊరావిడ ఒక్కతే "ధవళేశ్వరం మొదటి ప్రమాద హెచ్చరిక" అంది. 13.75 రాశారు, "రెండోది" అన్నారు నలుగురు. 17.75 రాసేసరికి క్లాసంతా "మూడోది" అని అరిచారు. అవి ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదారి నీటిమట్టం అడుగుల్లో, 2022 జులైలో 21 అడుగులు దాటిపోయింది, ఆ వారమంతా టీవీలో ఆ అంకెలే చూశారు, గొడ్డూ గోదా తోలుకుని గట్టెక్కి కూర్చున్నారు, ఆ చుక్క వాళ్ళకి తెలియక కాదు. పదకొండు అడుగుల మీద ఇంకా ముప్పావు అడుగు, అది అడుగు కాదు, అడుగులో ముక్క. అంతే, రెండు నిమిషాల్లో అయిపోయింది. డెల్టాలో పుట్టిన మనిషికి దశాంశం నేర్పాలంటే గోదారిని మించిన పుస్తకం లేదు.

తర్వాత ఇంగ్లీషు. మొత్తం ఇంగ్లీషు నేర్పలేం, వాళ్ళకి అంత టైమూ లేదు, పొద్దున్నే పీచు మిల్లుకి పోవాలి, సార్వా ఊడ్పులప్పుడు అసలు క్లాసే ఉండదు. అందుకని రెండే మాటలు తీసుకున్నాం, డెబిటెడ్, క్రెడిటెడ్. మొదటి అక్షరం పొట్ట మూసుకుని (D) ఉంటే డబ్బు పోయినట్టు, నోరు తెరుచుకుని (C) ఉంటే డబ్బు వచ్చినట్టు. పీచు వదిన తన ఫోన్లో పొట్ట మూసుకున్నవి మూడు వరసగా చూసింది ఆ పాఠం రోజునే.

మైకు నొక్కి మాట్లాడితే ఫోనే తెలుగులో రాసేస్తోంది, చదివి వినిపిస్తోంది, ఇంకా ఈ అక్షరాలెందుకండీ అని నన్ను అడిగినవాళ్ళు చాలామంది, బాగా చదువుకున్నవాళ్ళే. మైకుని నేను కాదనను. ఆ డెబ్బై ఏళ్ళ మామ్మగారు మైకులో "గోదారి" అన్నారు, తెర మీద అక్షరాలు పడ్డాయి, తన నోట్లోంచి వచ్చిన మాట తన కళ్ళ ముందు రాతై కనపడేసరికి ఆవిడ వేలితో ఆ మొదటి అక్షరం మీద మెల్లగా రాసుకుంటూ "గో... ఇదా గో" అన్నారు. అంత ఇష్టంగా అక్షరం నేర్చుకోవడం నేనెప్పుడూ చూడలేదు. కాబట్టి మైకు గుమ్మం లాంటిది, లోపలికి రావడానికి పనికొస్తుంది. కానీ పొదుపు సంఘం మీటింగులో తీర్మానం పుస్తకం మీ ముందుకి తోసి ఇక్కడ సంతకం పెట్టండి అన్నప్పుడు అక్కడ మైకు ఉండదు. పది మంది సభ్యులున్న సంఘంలో పుస్తకం చదవగలిగేది ఒక్కళ్ళే అయితే, ఆ ఒక్కరూ ఎంత మంచివాళ్ళయినా సరే, మిగతా తొమ్మిది మందికీ అది పక్కవాళ్ళ సంఘమే.

మా వైపు గల్ఫ్ వెళ్ళిన ఆడవాళ్ళు చాలామంది, కువైట్, మస్కట్, దుబాయ్. వాళ్ళ పిల్లల్ని పెంచే అమ్మమ్మలు మాత్రం ఎవరూ నేర్పకుండానే ఐఎమ్ఓ యాప్‌లో వీడియో కాల్ నేర్చేసుకున్నారు, ఎందుకంటే అవతల కూతురుంది. నేర్చుకోలేరు అనే మాట అబద్ధం అని చెప్పడానికి ఆ అమ్మమ్మలు చాలు. కానీ అదే అమ్మమ్మకి ఎవడో ఫోన్ చేసి, మీ అమ్మాయి పంపిన డబ్బులు ఆగిపోయాయి, పిన్ కొడితే పడతాయి అన్నాడు. కొట్టబోయింది, మనవరాలు మా క్లాసుకొస్తది కాబట్టి ఆపింది. అప్పట్నుంచి క్లాసు అయ్యాక అందరం గట్టిగా ఒక మాట చెప్పుకుని లేస్తాం, "డబ్బులు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే పిన్" అని. ఒకవేళ పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి, ఆ నంబరు అందరి ఫోన్ వెనకాలా స్టిక్కరేసి రాశాం. మీరు కూడా మీ ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్లకి రాయండి, దయచేసి.

ఇలాంటి పని చేసేవాళ్ళందరి గురించీ మంచిగానే రాయాలని ఉంటది నాకు, కానీ ఒకటి దాచుకోలేను. మూడేళ్ళ కిందట ఒక ట్రైనింగ్ వాళ్ళు మా ఊరొచ్చారు. బ్యానర్ కట్టారు, ముప్పై మందిని కూర్చోబెట్టారు, ఒక్క పూట ఫోన్ ఎలా ఆన్ చెయ్యాలో చెప్పారు, భోజనం పెట్టారు, రిజిస్టర్‌లో పది రోజులకీ పది సంతకాలు ఒకేసారి పెట్టించుకున్నారు. సర్టిఫికెట్లు కూడా వచ్చాయి, కొందరు ఫ్రేము కట్టించుకున్నారు. సంతకం పెట్టిన వాళ్ళు ఎవరూ పైన రాసిన తేదీలు చదవలేదు, చదవడం రాదు కాబట్టి. వాళ్ళ సంతకం వాళ్ళకి వ్యతిరేకంగానే పనికొచ్చింది. అడిగితే టార్గెట్లు మేడమ్ అన్నారు. 23 మందితో ఎనిమిది నెలలు కూర్చుంటే మాకూ పెద్ద అంకెలేం రావు, డబ్బులిచ్చే దాతలు ఎంతమంది అని అడుగుతారు, 23 అంటే ఫోన్ అవతల కాసేపు మాట ఉండదు. అయినా 23 అనే చెప్తాం.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారిది రాజమండ్రి, 1909లో పుట్టారు. ఆవిడ సంగతి ఒకటి మా క్లాసులో ఎప్పుడూ చెప్తా. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు పద్నాలుగేళ్ళ పిల్ల, ఖాదీ ఎగ్జిబిషన్ గుమ్మం దగ్గర వాలంటీరు. నెహ్రూ గారొస్తే టికెట్ లేదు కాబట్టి లోపలికి పంపనంది, టికెట్ కొన్నాకే పంపింది. తర్వాత ఆవిడ 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టారు, మధ్యలో చదువు మానేసిన పెద్ద ఆడవాళ్ళ కోసం రెండేళ్ళలో మెట్రిక్ కట్టించే కోర్సులు దేశమంతా నడిపించారు, ఇవన్నీ పెద్ద పనులే. కానీ మా వాళ్ళకి నచ్చేది ఆ టికెట్ కథే. మళ్ళీ చెప్పమంటారు. "అంత పెద్దాయన్ని అడిగిందా" అంటారు. అవునండి, రూలు ప్రకారం అడగాల్సింది అడిగింది, అంతే.

పీచు వదిన పోయిన డబ్బుల కోసం పాస్‌బుక్కు ప్రింటేయించుకుని బ్యాంకుకి ఆరు సార్లు తిరిగాం. ఒక వెయ్యి వెనక్కొచ్చింది, ఇంకో వెయ్యి కోసం కంప్లయింట్ ఇంకా నడుస్తోంది. మొన్న శుక్రవారం ఆవిడ మళ్ళీ డబ్బులు తియ్యడానికెళ్ళింది, ఈసారి వేరే పాయింటుకి, ఒక్కతే. వేలు నిజంగానే పడలేదంట మొదటిసారి. "పడలేదంటే మిషన్‌లో ఏం వచ్చిందో నాకు చూపించు బాబూ" అందంట. చూపించాడు. రెండోసారి పడింది, వెయ్యి ఇచ్చాడు. "చీటీ" అంది. పేపర్ రోల్ అయిపోయిందన్నాడు. "ఎయ్యి, ఉంటాను" అని పక్కన బల్ల మీద కూర్చుందంట, ఇరవై నిమిషాలు. రోల్ తెప్పించి, వేసి, ఇచ్చాడు.

ఆ చీటీ క్లాసుకి తెచ్చింది, బోర్డు మీద అంటించాం. పొట్ట మూసుకున్న అక్షరం తనే చూపించింది, 1000.00 చదివింది, చుక్క ఎక్కడుందో అందరికీ చెప్పింది. కింద ఇంకో పెద్ద అంకె, దాని పక్కన ఇంగ్లీషులో రెండు మాటలు ఉన్నాయి, "ఇదేంటో తెలీలేదు, అడుగుదామనుకున్నా, అప్పటికే ఆ అబ్బాయి విసుక్కుంటున్నాడు" అంది. ఖాతాలో ఇంకా మిగిలిన డబ్బు అది. సోమవారం నుంచి ఆ రెండు మాటలే పాఠం.